రెండువేల కిలోమీటర్లు, ఒక ఖాళీ రోజు

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వాళ్ళు నన్ను 'వృత్తి జీవితంలో నా విజయాలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా రోడ్లు, కల్వర్టులు కడుతున్న ఇంజినీరును. మా విజయాల గురించి మేం చెప్పుకుంటే మీకు వెంటనే మీ ఊరి రోడ్డు మీది గుంతలు గుర్తుకొస్తాయి. అందుకని ఆ అంశం వదిలేసి ఒక ప్రయాణం గురించి మాట్లాడతానని అడిగాను, ఒప్పుకున్నారు. మొన్న మార్చి నెలలో మా బ్యాచివాళ్ళం నలుగురం థాయిలాండ్ పల్లెల్లో కారు నడుపుకుంటూ రెండువేల కిలోమీటర్లు తిరిగి వచ్చాం. ఆ ప్రయాణానికి ఎనిమిది నెలలు ప్లాను వేశాం. అది ఎట్లా వేశామో, ఎందుకు వేశామో చెప్పి, చివర్లో ఈ సభను ఒక కోరిక కోరతాను.

మా నలుగురిదీ 1986 పదో తరగతి బ్యాచి. ఒకడు ఆర్టీసీలో డ్రైవరు. ఒకడు సర్కారు బడిలో సోషల్ సారు. ఒకడు సోమశిల రేవులో పుట్టి వేసుకుని చేపలు పట్టేవాడు. నాలుగోవాణ్ణి నేను. పేర్లు చెప్పొద్దని ముగ్గురూ గట్టిగా చెప్పారు. ముందు వరుసలోనే కూచున్నారు, మీరే గుర్తుపట్టుకోండి.

పుట్టివాడు మా క్లాసుకు ఎట్లా వచ్చాడో ముందు చెప్పాలి. 1981లో మేం ఆరో తరగతి. ఆ ఏడు శ్రీశైలం డ్యాం నీళ్ళు వెనక్కి వస్తాయని కృష్ణ ఒడ్డున రెండువైపులా దాదాపు వంద ఊళ్ళు ఖాళీ చేయించారు. క్లాసు సగంలో ఉండగా కొత్త పిల్లగాడు ఒకడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "టీసీ ఏదిరా?" అన్నారు సారు. "మా బడి కూలగొట్టిండ్రు సార్" అన్నాడు. సారు ఇంకేమీ అడగలేదు. రిజిస్టరు తెరిచి, వాడి తండ్రి చెప్పిన పుట్టిన తేదీ రాసుకుని, నా పక్కన కూచోబెట్టారు. అప్పటినుంచి ఇప్పటిదాకా వాడు నా పక్కనే ఉన్నాడు.

పోయిన ఏడాది ఎండాకాలంలో నలుగురం సోమశిల పుష్కరఘాటు మెట్ల మీద కూచుని ఉన్నాం. ఎదురుగా నది. అవతలి ఒడ్డున సిద్ధేశ్వరం కొండలు. సోషల్ సారు తన ఫోనులో ఒక ఫోటో చూపించాడు. నీళ్ళు తగ్గిన జలాశయం, మధ్యలో సగం కూలిన గుడి, దాని పక్కన ఒక పడవ. "ఇది ఏ ఊరో చెప్పుండ్రి" అన్నాడు. మేం ముగ్గురం ఒకేసారి "సంగమేశ్వరం" అన్నాం. కాదట. థాయిలాండ్‌లో, మయన్మార్ సరిహద్దు దగ్గర, సంగ్‌ఖ్లబురి అనే ఊరు. 1984లో అక్కడ ఖావో లేమ్ అనే డ్యాం నిండింది. ఇప్పుడు దానిని వజిరాలంకరణ్ డ్యాం అంటున్నారు. మూడు నదులు కలిసే చోట ఉన్న పాత ఊరు మునిగింది. జనాన్ని ఎత్తు మీదికి తరలించారు. పాత బౌద్ధాలయం ఎండాకాలంలో బయటపడుతుంది, వానాకాలంలో మునుగుతుంది.

పుట్టివాడు ఆ ఫోనును చాలాసేపు పట్టుకుని చూశాడు. "అక్కడోళ్ళు ఎట్లున్నరో చూసి రావాలె రా" అన్నాడు. యాభై అయిదేళ్ళ వయసులో వాడు మమ్మల్ని అడిగిన మొదటి కోరిక అది. ఆ రాత్రే ప్లాను మొదలైంది.

మొదటి ఆలోచన నాదే, అది తప్పిన ఆలోచన. సోమశిల నుంచే కారులో బయల్దేరి భూమి మీదుగానే థాయిలాండ్ పోదామన్నాను. పిచ్చి ఆలోచనేమీ కాదు. మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్ మీదుగా థాయిలాండ్‌లోని మే సోత్ దాకా సుమారు 1,360 కిలోమీటర్ల త్రైపాక్షిక రహదారి ప్రాజెక్టు ఉంది. 2018లో మన హైదరాబాదు నుంచి జైభారతి, మరి ముగ్గురు మహిళలు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి, దాదాపు 17,000 కిలోమీటర్లు చేసి వచ్చారు. ఆడబిడ్డలు బండ్ల మీద పోయిన దారిలో మనం కారులో పోలేమా అని నా ధీమా. కానీ 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేపట్టాక ఆ దారి సంగతి మారిపోయింది. పైగా మన బండిని దేశాలు దాటించాలంటే కార్నే అనే పత్రం కావాలి, దానికి పెద్ద మొత్తం హామీ పెట్టాలి. థాయిలాండ్‌లోకి విదేశీ కారు రావాలన్నా ముందే అనుమతి ఉండాలి. నెల రోజులు కాగితాలు చదివి ఆ ఆలోచనను మడిచి పెట్టేశాను. విమానంలో బ్యాంకాక్ పోయి, అక్కడ కారు కిరాయికి తీసుకోవాలని తేల్చుకున్నాం.

ఇక ప్లాను. నేను కంప్యూటరులో పట్టిక చేశాను. తొమ్మిది రోజులు, మూడువేల కిలోమీటర్లు. ఉత్తరాన చియాంగ్ మై, దక్షిణాన ఫుకెట్, మధ్యలో సంగ్‌ఖ్లబురికి ఒక పూట. ఎన్ని గంటలకు లేవాలి, ఎక్కడ టీ తాగాలి, ఎన్ని నిమిషాలు ఫోటోలు దిగాలి, అన్నీ గడుల్లో నింపాను. ఆ కాగితాన్ని గర్వంగా డ్రైవరు చేతికిచ్చాను. ముప్పై ఏళ్ళు హైదరాబాదు సర్వీసు నడిపినవాడు. చదివి నా మొహం చూశాడు. "ఏందిరా ఇది, నన్ను టూరుకు పిలుస్తున్నవా, డబుల్ డ్యూటీకి పిలుస్తున్నవా?" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి ఫుకెట్ కొట్టేశాడు. చియాంగ్ మై కొట్టేశాడు. సంగ్‌ఖ్లబురి పక్కన మూడు రాత్రులు అని రాశాడు. అందులో ఒక రోజు గడిలో 'ఖాళీ' అని రాసి చుట్టూ గీత గీశాడు. "ఈ దినం ఏం జెయ్యాలె?" అన్నాను. "ఏం జెయ్యొద్దు. బండి ఖరాబైతే ఈ దినం పనికొస్తది. మనిషికి జ్వరమొస్తే పనికొస్తది. ఏం కాకపోతే ఇంకా మంచిది" అన్నాడు.

నేను రోడ్డు అంచనాల్లో అనుకోని ఖర్చుకు కొంత సొమ్ము ఎప్పుడూ పెడతాను. సొంత ప్రయాణంలో ఒక్క గంట కూడా పెట్టలేదు. ఆ సంగతి వాడు చెప్పేదాకా నాకు తోచలేదు.

వాడు పెట్టిన మిగతా షరతులు కూడా చెబుతాను. ఇక్కడున్నవాళ్ళు ఏ ఊరికి కారులో పోయినా పనికొస్తాయి. రాత్రి విమానం దిగిన రోజు స్టీరింగు ముట్టొద్దు. రోజుకు 350 కిలోమీటర్లు దాటొద్దు, ఘాటురోడ్డయితే అందులో సగమే లెక్క. రెండు గంటలకోసారి దిగి నడవాలి. పొద్దు గుంకేలోగా బస చేరాలి. పక్క సీటులో కూచున్నవాడు నిద్రపోవద్దు. చివరి షరతు ఇంటాయన పేరు మీద ఇంటావిడలు పెట్టినట్టే ఉంది గానీ, అది అతి ముఖ్యమైనదని దారిలో తెలిసింది.

ఏ కాలంలో పోవాలనే దగ్గర రెండు వారాలు కొట్లాడుకున్నాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ చల్లగా ఉంటుంది, అందరూ అప్పుడే పోతారు. కానీ అప్పుడు జలాశయంలో నీళ్ళు ఎక్కువ, గుడి దగ్గర దిగి నడవలేం. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా వాళ్ళ కొత్త సంవత్సరం, సాంగ్‌క్రాన్. ఆ వారంలో రోడ్లన్నీ కిక్కిరిసి ప్రమాదాలు పెరుగుతాయి. అందుకని ఎండ ఉన్నా సరే, మార్చి చివరి వారాలు అనుకున్నాం. పాలమూరువాళ్ళకు ఎండ కొత్తా?

కాగితాల సంగతి. మన లైసెన్సు మీద అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు తీసుకోవాలి. ఆర్టీయే ఆఫీసులో వెయ్యి రూపాయల ఫీజు, ఏడాది పాటు చెల్లుతుంది. డ్రైవరు, నేను ఇద్దరం తీసుకున్నాం. 2023 నవంబరులో మనవాళ్ళను వీసా లేకుండానే థాయిలాండ్‌లోకి రానివ్వడం మొదలుపెట్టారు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి గనుక టికెట్టు కొనే ముందు ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు పుట్టివాడి పాస్‌పోర్టు దగ్గర వచ్చింది. పుట్టిన తేదీకి రుజువు కావాలి. వాడు పుట్టిన ఊరు నీళ్ళ కింద ఉంది. జనన పత్రం ఎప్పుడూ లేదు. చివరికి ఏం పనిచేసింది? మన బడి ఇచ్చిన టీసీ. టీసీ లేకుండా చేర్చుకున్న పిల్లగాడికి, ఆ రోజు సారు రిజిస్టరులో రాసిన ఒక్క వాక్యం నలభై నాలుగేళ్ళ తర్వాత పాస్‌పోర్టు తెచ్చిపెట్టింది. ఆ సారు ఈ రోజు మన మధ్య లేరు. వారికి ఈ సభలో చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

బ్యాంకాక్ దిగాం. రెండో రోజు పొద్దున కారు తీసుకోవడానికి పోతే నా ప్లానులో మొదటి బొక్క బయటపడింది. ఎవరి పేరు మీద కారు ఇస్తారో వాళ్ళ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. మా డ్రైవరు దగ్గర ఉన్నది డెబిట్ కార్డు. కారు వాడి పేరు మీద రాయించుకున్నది నేనే, కింద సన్నని అక్షరాలు చదవనిదీ నేనే. గంటసేపు బతిమాలి, నా పేరు మీదికి మార్పించి, వాణ్ణి రెండో డ్రైవరుగా రాయించాం. బీమా కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో వాడే చూశాడు. కారు చుట్టూ తిరిగి ప్రతి గీతకూ ఫోటో తీయించాడు. డిపోలో బండి తీసుకునేటప్పుడు చూసుకునే అలవాటు.

అక్కడ కూడా మనలాగే ఎడమపక్క నడపాలి, స్టీరింగు కుడివైపే. కాబట్టి చెయ్యి తడబడదు. రోడ్ల అంకెలు నాకు భలే నచ్చాయి. అంకెలో మొదటిది ఒకటి అయితే ఉత్తరం, రెండు అయితే ఈశాన్యం, మూడు అయితే మధ్య, తూర్పు ప్రాంతాలు, నాలుగు అయితే దక్షిణం. ఎన్ని అంకెలు పెరిగితే అంత చిన్న రోడ్డు. 323 అని చూడగానే మధ్య ప్రాంతంలో మూడో తరగతి రోడ్డని తెలిసిపోతుంది. నాలుగు అంకెల రోడ్డు మీదికి ఫోను దారి చూపిస్తే పది నిమిషాలు మిగులుతాయని ఆశపడొద్దని నిర్ణయించుకున్నాం. పెట్రోలు బంకులో ఏ రకం పోయించాలో ట్యాంకు మూత మీద చూసి ఫోటో తీసుకోవాలి, అక్కడ ఇథనాల్ కలిపిన రకాలు చాలా ఉంటాయి. రసీదు మీద సంవత్సరం మనకంటే ఎక్కువగా ఉంటే కంగారుపడొద్దు, వాళ్ళు బుద్ధ శకం వాడతారు. ఆపద వస్తే టూరిస్టు పోలీసులకు 1155. పసుపు జెండా మీద ఎర్రటి అక్షరంతో 'జే' అని రాసి ఉంటే ఆ కొట్లో మాంసం, చేపలు వెయ్యరు. మా సోషల్ సారు శాకాహారి. పన్నెండు రోజులూ ఆ జెండా కోసమే చూశాడు. జెండా కనపడనప్పుడు ఇంటి నుంచి తెచ్చిన కడక్ జొన్నరొట్టె, పల్లీల పొడి.

బ్యాంకాక్ నుంచి కాంచనబురి 130 కిలోమీటర్లు. పేరు చూడండి, కాంచనపురి. ఆ దేశంలో సగం ఊరి పేర్లు మనకు చుట్టాల్లాగా వినిపిస్తాయి. అక్కడ రెండో ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం వేయించిన మరణ రైలుమార్గం ఉంది. 415 కిలోమీటర్లు, 1943 అక్టోబరుకు పూర్తిచేశారు. యుద్ధ ఖైదీల శ్మశానంలో దాదాపు ఏడువేల సమాధులు, చక్కగా కత్తిరించిన గడ్డి, ప్రతి రాయి మీదా ఒక గుర్తు. అక్కడ సోషల్ సారు మాకు చిన్న పాఠం చెప్పాడు. ఆ పనిలో ఖైదీలకంటే కూలీలే ఎక్కువమంది చచ్చిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన దక్షిణాదివాళ్ళు వాళ్ళలో వేలమంది. ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి పేరు రాసిన రాయి ఎక్కడా లేదు. పుట్టివాడు విని, "లెక్క రాసినోళ్ళకే రాయి పెడతరు" అన్నాడు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

మూడో రోజు 323 రోడ్డు మీద 220 కిలోమీటర్లు. సగం దాటాక కొండలు, మలుపులు. సరిహద్దు దగ్గర కాబట్టి సైనికుల తనిఖీలు. పాస్‌పోర్టులు చూసి నవ్వి పంపించారు. పొద్దు గుంకక ముందే సంగ్‌ఖ్లబురి చేరాం.

ఆ ఊళ్ళో మోన్ జాతివాళ్ళు ఎక్కువ. బర్మావాళ్ళు వాళ్ళను పూర్వం 'తలైంగ్' అనేవారు. ఆ మాట మన తెలింగ నుంచే పుట్టిందని కొందరు చరిత్రకారులు అంటారు, అందరూ ఒప్పుకోరు. మోన్‌లకైతే ఆ పేరు నచ్చదు. అందుకని మేం కూడా చుట్టరికం కలుపుకోవాలని తొందరపడలేదు.

కొత్త ఊరికీ, మోన్ పల్లెకూ మధ్య నీళ్ళ మీద పొడవాటి చెక్క వంతెన ఉంది. థాయిలాండ్‌లో అన్నిటికన్నా పొడవైన చెక్క వంతెన అంటారు. ఊరు మునిగాక, లువాంగ్ ఫో ఉత్తమ అనే మోన్ భిక్షువు పూనుకుంటే జనమే చేతులతో కట్టుకున్నారు. 2013 జులైలో వరదకు మధ్య భాగం కొట్టుకుపోయింది. ప్రభుత్వం బాగుచేసేదాకా ఆగకుండా, ఊరివాళ్ళు కొద్ది రోజుల్లోనే పక్కన వెదురు తెప్పలు కట్టి తాత్కాలిక వంతెన వేసుకున్నారు. ఇంజినీరుగా ఆ వంతెన మీద నడుస్తుంటే, కొలతలు చూడాలనిపించలేదు. చెక్కల మీద పిల్లలు బడికి పోతున్నారు, అది చూస్తూ నిలబడ్డాను.

నాలుగో రోజు పడవ మాట్లాడుకుని మునిగిన గుడికి పోయాం. నీళ్ళు బాగా తగ్గాయి. దిగి నడిచాం. పైకప్పు లేదు. గోడలు ఉన్నాయి, కిటికీల వంపులు ఉన్నాయి, గోడకు నీటిమట్టం గీతలు ఉన్నాయి. మన సోమశిల లలితా సోమేశ్వరుడి గుడి నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, ఎత్తు మీద మళ్ళీ పేరుస్తుంటే చూశాం. మన దేవుళ్ళు ఒడ్డెక్కారు. సంగమేశ్వరుడు ఏటా మునిగి తేలుతున్నాడు.

పుట్టివాడు ఒక గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మేం ఎవరం మాట్లాడలేదు. కాసేపటికి వాడే అన్నాడు: "రాతి గుళ్ళు తేలుతయి రా. మట్టి ఇండ్లు తేలవు."

అంతే. పడవ ఎక్కాం.

మర్నాడు డ్రైవరు రాసిన ఖాళీ రోజు. బండి ఖరాబు కాలేదు, జ్వరమూ రాలేదు. బసకు ముందు వరండాలో కూచున్నాం, ఎదురుగా నీళ్ళు. పుట్టివాడు నా ప్లాను కాగితం అడిగాడు. వెనక్కి తిప్పి పెన్నుతో గీయడం మొదలుపెట్టాడు. ఇది నది. ఇది రేవు. ఇది చింతచెట్టు. ఇక్కడ మా బడి, రెండు గదులు. ఇక్కడ మంచినీళ్ళ బావి, ఇక్కడ దూడల బావి. ఇది మా ఇల్లు, పక్కన మేనత్త ఇల్లు, ఆ పక్కన కుమ్మరోళ్ళ వాము. ఇది శ్మశానం. ఈ దారెంట పోతే మా చేను, ఒక గట్టుకు రేగుచెట్టు. పదకొండేళ్ళ వయసులో వదిలిన ఊరిని మూడు గంటలు గీశాడు. మధ్యాహ్నం అన్నం తినలేదు. నలభై నాలుగేళ్ళు పక్కన కూచున్నాను, ఒక్కసారి కూడా "మీ ఊరు ఎట్లుండెరా?" అని అడగలేదు. రోడ్లకు సర్వే చేసేటప్పుడు ప్రతి చెట్టూ, ప్రతి బావీ నక్షాలో ఎక్కిస్తాను. స్నేహితుడి ఊరిని ఎక్కించాలని తోచలేదు.

నేను వేసిన మొదటి ప్లానులో ఆ రోజు మేం ఫుకెట్ సముద్రం ఒడ్డున ఫోటోలు దిగుతూ ఉండాల్సింది.

తర్వాత ప్రయాణం ఈశాన్యానికి. కాంచనబురికి తిరిగొచ్చి, అక్కడి నుంచి నఖోన్ రాచసీమా మీదుగా, మేకాంగ్ ఒడ్డున ఉన్న ముక్దాహాన్ అనే ఊరికి. రెండున్నర రోజుల దారి. దారి పొడుగునా వరి కోసిన పొలాలు, చెరకు లారీలు, కర్రపెండలం ఆరబోసిన కళ్ళాలు. ఈ చివరను ఎంచుకున్నది నేను. కారణం అక్కడి వంతెన. థాయిలాండ్‌కూ, లావోస్‌కూ మధ్య మేకాంగ్ మీద కట్టిన రెండో మైత్రీ వంతెన. సుమారు 1,600 మీటర్ల పొడవు. థాయి ఒడ్డున ఎడమపక్క నడుపుతారు, లావోస్ ఒడ్డున కుడిపక్క. కాబట్టి నది దాటే ప్రతి బండీ పక్క మారాలి. అట్లాంటి రెండు దేశాలు కూచుని మాట్లాడుకుని వంతెన కట్టుకున్నాయి.

నేను వంతెన స్తంభాల గురించి చెబుతుంటే సోషల్ సారు అడ్డం వచ్చి, "ఇది ఎప్పుడు తెరిచిండ్రు?" అన్నాడు. 2006 డిసెంబరులో ప్రారంభోత్సవం, 2007 జనవరిలో జనానికి తెరిచారు అన్నాను. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

2007 జనవరి 18. ఆ తేదీ ఈ సభలో చాలామందికి చెప్పనక్కరలేదు. మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. మేకాంగ్ మీద బండ్లు తిరగడం మొదలైన నెలలోనే, ఇక్కడ వంతెన లేని నదిలో మనవాళ్ళు మునిగిపోయారు. తర్వాతి రోజుల్లో పుట్టి వేసుకుని వెతకడానికి పోయినవాళ్ళలో మావాడూ ఉన్నాడు. దాని గురించి వాడు ఎప్పుడూ మాట్లాడడు. ఆ రోజూ మాట్లాడలేదు. మేకాంగ్ ఒడ్డున మెట్లు దిగి, నీళ్ళలో చేతులు కడుక్కుని, అవతలి ఒడ్డును చూస్తూ కూచున్నాడు. పొద్దు గుంకేదాకా మేం కూడా పక్కన కూచున్నాం.

మనకూ సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన రావాలని ఎన్నేళ్ళుగా అడుగుతున్నామో మీకు తెలుసు. 2022లో కేంద్రం 1,082 కోట్ల రూపాయలతో తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. కళ్ళెదుట కనిపించే ఒడ్డుకు పడవ ఎక్కాలి, లేదా కర్నూలు మీదుగా చుట్టూ తిరగాలి. ఆ వంతెన మీద మన నలుగురం కారులో పోయే రోజు కోసం డ్రైవరు ఇప్పటినుంచే లైసెన్సు రెన్యువలు చేయించుకుంటున్నాడు. పడవలు నడిచినన్ని రోజులు, లైఫ్ జాకెట్టు లేకుండా ఎక్కొద్దని మీ పిల్లలకు చెప్పండి. నది పక్కన పుట్టామన్న ధీమా నీళ్ళలో పనికిరాదు.

ఇక నా కోరిక.

పుట్టివాడు గీసిన కాగితం నా దగ్గర ఉంది. ముందువైపు నా గడులు, గంటలు, నిమిషాలు, వాటిలో సగం కొట్టివేతలు. వెనకవైపు ఒక ఊరు. ఆ ఊరికి ఇప్పుడు ఉన్న పటం బహుశా అదొక్కటే. వాడికి ఆనాడు పదకొండేళ్ళు. ఆనాడు ముప్పై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై అయిదు. ఎవరి చేను ఎక్కడ, ఏ బావి నీళ్ళు తియ్యగా ఉండేవి, ఏ రేవు నుంచి ఏ రేవుకు పుట్టి పోయేది, ఏ ఇంటివాళ్ళు ఏ ఊరికి చెదిరిపోయారు, ఇవన్నీ వాళ్ళ తలల్లో ఉన్నాయి. నష్టపరిహారం లెక్కల్లో ఎకరాలు ఉంటాయి, చింతచెట్టు ఉండదు.

మన సంఘానికి యాభై ఏళ్ళ పండుగ. గేటు కడదాం, ఆర్‌వో ప్లాంటు పెడదాం అని ప్రతిపాదనలు వచ్చాయి, మంచివే, నా వంతు చందా ఇస్తాను. వాటితో పాటు ఇంకొక పని పెట్టుకుందాం. మునిగిన ఊళ్ళ నుంచి మన బడికి వచ్చి చదువుకున్నవాళ్ళ పేర్లు రిజిస్టర్లలో ఉన్నాయి. ఒక్కో బ్యాచి ఒక్కో ఊరు తీసుకుందాం. ఆ ఊరి పెద్దవాళ్ళ ఇంటికి పోయి, ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను వాళ్ళ ముందు పెడదాం. వాళ్ళు చెప్పింది రాద్దాం, గీసింది దాద్దాం. కొలతల ప్రకారం నక్షాలు వేసే పని నాది, ఫీజు లేదు. సోషల్ సారు తన పిల్లలతో వచ్చి రాసి పెడతానన్నాడు. తిప్పే బండి డ్రైవరుది. వచ్చే ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు, పుట్టి మీద తీసుకుపోయి ఏ చోటు ఏ ఊరో చూపిస్తానని నాలుగోవాడు మాట ఇచ్చాడు.

ఒక్క జాగ్రత్త. పెద్దవాళ్ళ దగ్గరికి పోయేటప్పుడు ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. పట్టికలో ఆ గడిని ఖాళీగా ఉంచండి. వాళ్ళు మొదటి గంట చెప్పరు. రెండో గంట నీళ్ళ గురించి, వానల గురించి మాట్లాడతారు. మూడో గంటలో కాగితం అడుగుతారు.

 ఆ కాగితాన్ని తెచ్చాను, భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను. ముట్టుకునే ముందు దయచేసి చేతులు తుడుచుకోండి. సెలవు.